డబ్బా మీద 512, తెర మీద 476: నిల్వ పరికరాల సామర్థ్యంలో కనిపించే తేడా (ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

ఇప్పుడు బజారులో దొరికే మామూలు ల్యాప్‌టాప్ డబ్బా మీద ఒక చీటీ ఉంటుంది. ప్రాసెసర్ పేరు, తెర కొలత, వాటి పక్కనే "8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డి" అని దాని మీద అచ్చు వేసి ఉంటుంది. జీబీ అంటే గిగాబైటు; ర్యామ్ పని జరిగేటప్పుడు వాడే జ్ఞాపకం, ఎస్‌ఎస్‌డి ఫైళ్లు దాచే నిల్వ. ఇంటికి తెచ్చి, విండోస్‌లో డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి చూస్తే ఆ 512 ఎక్కడా కనిపించదు, 476.94 జీబీ అని ఉంటుంది. ఒక టెరాబైటు హార్డ్ డిస్క్ కొన్నవారికి 931 జీబీ, నాలుగు టెరాబైట్లు కొన్నవారికి 3.63 టీబీ కనిపిస్తాయి. డబ్బు పూర్తిగా చెల్లించి సరుకు తక్కువ తెచ్చుకున్నామేమోనన్న అనుమానం ఎవరికైనా రావడం సహజం. దుకాణంలో అడిగితే చాలాచోట్ల వచ్చే జవాబు "ఫార్మాట్ చేస్తే కొంత పోతుందండీ" అని. ఆ జవాబు దాదాపుగా తప్పు. సరైన జవాబు అంతకంటే సులభంగా అర్థమవుతుంది కాబట్టి, దాన్ని లెక్కలతో సహా మీ ముందు పెట్టడానికి వచ్చాను.

మొదట చెప్పవలసిన మాట ఇది: ఆ డిస్కులో ఒక్క బైటు, అంటే సమాచారాన్ని కొలిచే చిన్న ప్రమాణం ఒక్కటి, కూడా తగ్గలేదు. తయారీదారు డబ్బా మీద ఒక కొలతతో రాశాడు, విండోస్ అదే రాశిని మరో కొలతతో కొలిచి చూపింది, ఆ రెండు కొలతలకూ గిగాబైటు అన్న పేరే ఉంది. తయారీదారు దృష్టిలో గిగాబైటు అంటే వంద కోట్ల బైట్లు. విండోస్ దృష్టిలో గిగాబైటు అంటే 1024ను 1024తోనూ మళ్లీ 1024తోనూ గుణించగా వచ్చే 107 కోట్ల 37 లక్షల 41 వేల 824 బైట్లు. 512 జీబీ అని అమ్మే ఎస్‌ఎస్‌డిలో సాధారణంగా ఉండేది 51,211 కోట్ల 1 లక్ష 90 వేల 592 బైట్లు. దీన్ని వంద కోట్లతో భాగిస్తే 512.11 వస్తుంది, 107 కోట్ల చిల్లరతో భాగిస్తే 476.94 వస్తుంది. కొలిచే పాత్ర పెద్దదైతే పాత్రల సంఖ్య తగ్గుతుంది, రాశి తగ్గదు.

అసలు విచిత్రమంతా ఆ చీటీలోనే ఉంది. "8 జీబీ ర్యామ్" అన్నచోట గిగాబైటు అంటే 107 కోట్ల చిల్లర బైట్లు. అంటే ఆ ర్యామ్‌లో నిజంగా ఉన్నవి 858 కోట్ల 99 లక్షల 34 వేల 592 బైట్లు. దాని పక్కనే "512 జీబీ ఎస్‌ఎస్‌డి" అన్నచోట గిగాబైటు అంటే సరిగ్గా వంద కోట్లు. వేలెడంత చీటీ మీద, పక్కపక్కనే, ఒకే రెండక్షరాల సంకేతం రెండు వేర్వేరు రాశులను సూచిస్తోంది. కొనుగోలుదారుకు ఆ సంగతి చెప్పేవారు లేరు. నా అభ్యంతరమంతా ఇక్కడే ఉంది. సరుకులో మోసం లేదు, కానీ కొలత పేరు విషయంలో ఏళ్ల తరబడి సాగుతున్న నిర్లక్ష్యం ఉంది.

ర్యామ్‌కు రెండో కొలత ఎందుకు వచ్చిందంటే, అది ఆ చిప్‌ల నిర్మాణంలోనుంచే పుట్టింది. జ్ఞాపక చిప్‌లో ప్రతి గడికీ ఒక చిరునామా ఉండాలి, ఆ చిరునామా సున్నాలు, ఒకట్లతో రాయాలి. ఒక స్థానం ఉంటే రెండు చిరునామాలు, రెండు స్థానాలుంటే నాలుగు, పది స్థానాలుంటే 1024, ఇరవై స్థానాలుంటే 10 లక్షల 48 వేల 576, ముప్పై స్థానాలుంటే పైన చెప్పిన 107 కోట్ల చిల్లర వస్తాయి. పది స్థానాల చిరునామా పెట్టుకుని సరిగ్గా వెయ్యి గడుల చిప్ చేస్తే, 24 చిరునామాలకు ఇళ్లే ఉండవు. కనుక జ్ఞాపక చిప్‌లు 2 యొక్క ఘాతాలలో, అంటే 2ను 2తోనే మళ్లీ మళ్లీ గుణిస్తే వచ్చే సంఖ్యలలో, తయారుకావడం ఇంజినీరింగ్ అవసరం. 1024 వెయ్యికి చాలా దగ్గరగా ఉంది కదా అని తొలితరం ఇంజినీర్లు దానికి కిలో అన్న పేరును అరువు తెచ్చుకున్నారు. సెమీకండక్టర్ పరిశ్రమ ప్రమాణాల సంస్థ జెడెక్ కూడా జ్ఞాపక చిప్‌ల విషయంలో ఆ వాడుకను తన పత్రాలలో నమోదు చేసింది.

హార్డ్ డిస్కుకు అలాంటి నిర్బంధమేదీ లేదు. అందులో తిరిగే పళ్లేల మీద వలయాకారపు ట్రాకులు ఉంటాయి. ప్రతి ట్రాకూ సెక్టార్లుగా విభజించి ఉంటుంది. బయటి ట్రాకు చుట్టుకొలత ఎక్కువ కాబట్టి అందులో ఎక్కువ సెక్టార్లు, లోపలి ట్రాకులో తక్కువ సెక్టార్లు పడతాయి. పళ్లేలు రెండు ఉండవచ్చు, మూడు ఉండవచ్చు, అయిదూ ఉండవచ్చు. సెక్టారు పరిమాణం మాత్రమే 512 లేదా 4096 బైట్లతో 2 యొక్క ఘాతంగా ఉంటుంది. ఎన్ని సెక్టార్లు పట్టాయన్నది పళ్లేల వైశాల్యాన్నీ, అయస్కాంత పూత నాణ్యతనూ, చదివే తల సున్నితత్వాన్నీ బట్టి తేలే సంఖ్య. అది 1024 గుణిజాల్లో ఇమడాలన్న కారణం ఎక్కడా లేదు. అందుకే డిస్కు తయారీదారులు మొదటినుంచీ మామూలు దశాంశ లెక్కనే వాడారు. 1956లో ఐబీఎం విడుదల చేసిన తొలి వాణిజ్య డిస్కు యంత్రం, 24 అంగుళాల పళ్లేలు 50 పేర్చిన ఆ రామాక్, 50 లక్షల అక్షరాలను దాచగలదని ఆ సంస్థ ప్రకటించింది.

"ఎక్కువగా కనిపించడానికే కంపెనీలు దశాంశ లెక్కను తర్వాత కనిపెట్టాయి" అన్న ఆరోపణ తరచూ వినిపిస్తుంది కాబట్టి మరో ఉదాహరణ కూడా చెబుతాను. వ్యక్తిగత కంప్యూటర్ల కోసం 1980లో సీగేట్ తెచ్చిన ఎస్‌టీ-506 అనే డిస్కు 5 మెగాబైట్లది. దానిలో ఒక్కో తలకు 153 ట్రాకులు, నాలుగు తలలు, ట్రాకుకు 32 సెక్టార్లు, సెక్టారుకు 256 బైట్లు. గుణించి చూడండి: 50 లక్షల 13 వేల 504 బైట్లు వస్తాయి. ఇది దశాంశ లెక్కలో 5 మెగాబైట్లకు కాస్త పైన, 1024 లెక్కలో 5 మెగాబైట్లకు తక్కువ. తేడా అయిదు శాతం కూడా లేని ఆ రోజుల్లో, వినియోగదారులను ఏమార్చవలసిన అవసరం లేని కాలంలో కూడా, వారి లెక్క ఇదే. ఇంకో సంగతి కూడా గమనించాలి. ఈ డిస్కు మీద ఏ గుర్తులూ పెట్టకముందు పట్టే మొత్తం 6.38 మెగాబైట్లు. సెక్టార్ల మధ్య ఖాళీలు, గుర్తింపు సంకేతాలు, దోషాలు సరిదిద్దే సంకేతాలు అన్నీ తీసివేసిన తర్వాత మిగిలిన నికర సంఖ్య 5.

నేటికీ పద్ధతి అదే, దీన్ని ఎక్కువమంది గుర్తించరు. 512 బైట్ల సెక్టారు పళ్లెం మీద నిజంగా ఆక్రమించే చోటు 512 బైట్లకు మించి ఉంటుంది. ప్రతి సెక్టారు వెంటా దోష సవరణ సంకేతాలూ, సమన్వయ గుర్తులూ ఉంటాయి. ఆ పద్ధతిలో పళ్లెం మీది చోటులో మన సమాచారానికి దక్కేది సుమారు 88.7 శాతమని, 4096 బైట్ల సెక్టార్లకు మారితే అది 97.3 శాతానికి పెరుగుతుందని పరిశ్రమ లెక్క. 2010 ప్రాంతంలో డిస్కులన్నీ పెద్ద సెక్టార్లకు మారడానికి ఒక ముఖ్య కారణం అదే. అయితే ఈ తరుగుదల ఎప్పుడూ డబ్బా మీది సంఖ్యలోకి రాదు. తరుగు తీసివేశాకే సంఖ్య వేస్తారు. పైగా ఏ కంపెనీ డిస్కు అయినా ఒకే పరిమాణంలో ఉండేందుకు డిస్కు పరిశ్రమ సంఘమైన ఐడెమా ఒక సూత్రం నిర్ణయించింది. దాని ప్రకారం ఒక టెరాబైటు డిస్కులో 195 కోట్ల 35 లక్షల 25 వేల 168 సెక్టార్లు ఉండాలి. 512తో గుణిస్తే లక్ష కోట్ల బైట్లు నిండి, వాటి మీద ఇంకో 20 కోట్ల 48 లక్షల బైట్లు అదనంగా వస్తాయి. అంటే తెర మీద 931 అని చూపుతున్న ఆ డిస్కు, తనకు ఒప్పుకున్న దానికంటే ఎక్కువే ఇస్తోంది.

మరి ఈ చిక్కు పాతరోజుల్లో ఎందుకు ఎవరినీ బాధించలేదంటే, తేడా మెట్టు మెట్టుకూ పెరిగేది. కిలోబైటు దగ్గర రెండు కొలతల మధ్య వ్యత్యాసం 2.4 శాతం, మెగాబైటు దగ్గర 4.86 శాతం, గిగాబైటు దగ్గర 7.37 శాతం, టెరాబైటు దగ్గర 9.95 శాతం. ఒకప్పుడు ఫ్లాపీలో పోయినట్టు కనిపించేది నాలుగు ఉత్తరాల చోటు. ఇప్పుడు 20 టెరాబైట్ల డిస్కు కొన్నవారికి తెర మీద 18.19 కనిపిస్తుంది, ఆ లోటు ఒకటిన్నర టెరాబైట్లకు మించినది. 2022 నవంబరులో తూనికలు, కొలతల అంతర్జాతీయ సభ కిలో, మెగాల లాగా కొలత పేరుకు ముందు చేరే ఉపసర్గలలో రోన్నా, క్వెట్టా అనే కొత్తవాటిని ఆమోదించింది. క్వెట్టా దాకా వెళితే ఇదే వ్యత్యాసం 26 శాతాన్ని దాటుతుంది. ఇప్పుడు సరిదిద్దకపోతే ఈ సమస్య పెరుగుతుందే తప్ప తరగదు.

ఆ ఫ్లాపీ సంగతి కూడా చెప్పుకోవలసిందే, ఎందుకంటే అది రెండు కొలతలనూ కలిపి మూడో కొలతను సృష్టించింది. మూడున్నర అంగుళాల ఫ్లాపీ మీద 1.44 ఎంబీ అని ఉండేది. రెండు వైపులా 80 చొప్పున ట్రాకులు, ట్రాకుకు 18 సెక్టార్లు, సెక్టారుకు 512 బైట్లు కలిపితే 14 లక్షల 74 వేల 560 బైట్లు. దశాంశ లెక్కలో ఇది 1.47 మెగాబైట్లు, 1024 లెక్కలో 1.41. మరి 1.44 ఎక్కడినుంచి వచ్చింది? ఆ సంఖ్యను ముందు 1024తో భాగించి 1440 కిలోబైట్లన్నారు, తర్వాత దాన్ని వెయ్యితో భాగించి 1.44 మెగాబైట్లన్నారు. కోట్ల సంఖ్యలో అమ్ముడైన వస్తువు మీద ఏ ప్రమాణానికీ చెందని కొలత అలా నిలిచిపోయింది. ఆ తర్వాత వచ్చిన సీడీ మీద 700 ఎంబీ అన్నది 1024 లెక్క. అందులో 73 కోట్ల 72 లక్షల 80 వేల బైట్లు పడతాయి. దాని వారసుడైన డీవీడీ మీద 4.7 జీబీ అన్నది దశాంశ లెక్క. కంప్యూటర్‌లో అది 4.38గా కనిపించేది. పెళ్లి వీడియోలను డీవీడీలకు ఎక్కించిన స్టూడియోలవారికి ఈ 4.38 బాగా గుర్తుండాలి. 4.5 జీబీ ఉన్న ఫైలు 4.7 జీబీ డిస్కులో పట్టకపోవడం వెనక ఉన్నది ఈ లెక్కే.

ఒకే పేరుకు రెండు రాశులుండడం మన దేశానికి కొత్త కాదు. మన పెద్దలు వాడిన మణుగు మద్రాసు రాష్ట్రంలో ఎనిమిది వీశెలు, అంటే సుమారు 25 పౌండ్లు. బెంగాల్ మణుగు 82 పౌండ్ల పైచిలుకు. రెండూ నిజమైన కొలతలే, ఏ ఒక్కటీ దొంగ తూకం కాదు. కానీ ఒక ప్రాంతం వర్తకుడు మరో ప్రాంతం వర్తకుడికి మణుగుల్లో ఉత్తరం రాస్తే ఏ మణుగో చెప్పకుండా బేరం కుదరదు. 1956లో తూనికలు, కొలతల ప్రమాణాల చట్టం చేసి మెట్రిక్ పద్ధతిని తెచ్చుకున్నది ఆ గందరగోళాన్ని వదిలించుకోవడానికే. ఇప్పుడు అమల్లో ఉన్న 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం కూడా మన కొలమానాలు అంతర్జాతీయ ప్రమాణ పద్ధతిపై ఆధారపడిన మెట్రిక్ విధానంలోనే ఉండాలని చెబుతోంది. ఆ పద్ధతిలో గిగాకు ఉన్న అర్థం ఒక్కటే, వంద కోట్లు. గిగా, టెరా అనే ఉపసర్గలు 1960లో ఆ అర్థంతోనే ఆమోదం పొందాయి. గిగాహెర్ట్జ్ అన్నప్పుడు, సెకనుకు ఇన్ని గిగాబిట్లు అన్నప్పుడు కంప్యూటర్ రంగం కూడా దాన్ని ఆ అర్థంలోనే వాడుతుంది.

మరి 1024 లెక్కకు వేరే పేరు లేదా అంటే, ఉంది. అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ 1998 డిసెంబరులో కిబి, మెబి, గిబి, టెబి అనే ఉపసర్గలను ఆమోదించింది. 1024 బైట్లు కిబిబైటు, 107 కోట్ల చిల్లర బైట్లు గిబిబైటు. ఈ లెక్కన ల్యాప్‌టాప్ చీటీ మీద ఉండవలసింది "8 గిబిబైట్ల ర్యామ్, 512 గిగాబైట్ల ఎస్‌ఎస్‌డి". విండోస్ తెర మీద 476.94 అన్న అంకె పక్కన ఉండవలసింది గిబిబైటు గుర్తు. అంకె సరైనదే, దాని పక్కనున్న గుర్తే తప్పు. లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో చాలా సాధనాలు ఈ గుర్తును కచ్చితంగా వాడుతున్నాయి. ఆపిల్ సంస్థ 2009లో తన మ్యాక్ కంప్యూటర్ల ఆపరేటింగ్ సిస్టమ్‌కు తెచ్చిన స్నో లెపర్డ్ అనే కూర్పుతో మరో దారి పట్టింది: కొలతనే దశాంశానికి మార్చింది. ఆ కూర్పు వేసుకున్నవారికి అప్పటిదాకా 465గా కనిపించిన డిస్కు ఆ రోజునుంచి 500గా కనిపించింది, అందులోని ఫైళ్ల పరిమాణాలూ అదే నిష్పత్తిలో పెరిగి కనిపించాయి. ఎవరికీ కొత్త చోటు దక్కలేదు, డబ్బా మీద ఉన్నదీ తెర మీద ఉన్నదీ మాత్రం ఒకటయ్యాయి. ఈ రెండు దారుల్లో ఏది పట్టినా ఫరవాలేదని నా అభిప్రాయం. ఏదీ పట్టకుండా, 1024తో భాగించి జీబీ అని రాసే అలవాటును విండోస్ ఇన్నేళ్లుగా కొనసాగించడాన్ని మాత్రం సమర్థించలేను. ప్రపంచంలో అత్యధికులు తమ డిస్కు పరిమాణాన్ని చూసేది ఆ తెర మీదే కదా.

అమెరికాలో ఈ తగాదా కోర్టులకెక్కింది. డిస్కుల తయారీ సంస్థ వెస్టర్న్ డిజిటల్ మీద వేసిన దావా 2006లో రాజీతో ముగిసింది. కొనుగోలుదారులకు ఆ సంస్థ సమాచారాన్ని భద్రపరచే సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగా ఇవ్వడానికి ఒప్పుకుంది. సీగేట్ 2007లో కుదిరిన రాజీలో డిస్కు ధరలో 5 శాతం సొమ్ము గానీ, అలాంటి సాఫ్ట్‌వేర్ గానీ ఇవ్వడానికి అంగీకరించింది. ఈ దావాల కాలం నుంచి డబ్బాల మీద "1 జీబీ అంటే వంద కోట్ల బైట్లు, వాడుకకు దొరికే చోటు ఇంతకన్నా తక్కువ" అన్న చిన్న అక్షరాల వాక్యం సర్వసాధారణమైంది. పెన్ డ్రైవ్‌లు, మెమరీ కార్డులు చేసే శాన్‌డిస్క్ మీద వచ్చిన దావాను కాలిఫోర్నియాలోని ఫెడరల్ కోర్టు 2020లో కొట్టివేసింది. ఆ వాక్యం డబ్బా మీదనే స్పష్టంగా ఉన్నప్పుడు కొనుగోలుదారు మోసపోయాడనడం కుదరదన్నది దాని సారాంశం. పై కోర్టు మరుసటి ఏడాది దాన్నే ఖాయం చేసింది. న్యాయం దృష్ట్యా ఆ తీర్పు సబబే. చదవడానికి భూతద్దం కావలసినంత చిన్న అక్షరాలలో ఆ వాక్యాన్ని అచ్చు వేయడం మాత్రం నాకు సబబుగా తోచదు.

ఇంతవరకూ చెప్పింది కొలత తేడా. నిజంగానే కొంత చోటు ఖర్చయ్యే సందర్భాలు కూడా ఉన్నాయి, వాటిని దీనితో కలపకూడదు. ఫార్మాట్ చేసినప్పుడు, ఏ ఫైలు ఎక్కడుందో లెక్క పెట్టుకునే ఏర్పాటైన ఫైల్ సిస్టమ్ తన పట్టికల కోసం కొంత చోటు తీసుకుంటుంది. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో, ఖాళీ డిస్కు మీద, ఇది మొత్తంలో నామమాత్రం. తెర మీద తగ్గినట్టు కనిపించే ఆ ఏడు శాతం, దుకాణంవారు చెప్పినట్టు, ఇక్కడ పోదు. లైనక్స్‌లోని ఎక్స్‌ట్4 అనే ఫైల్ సిస్టమ్ మాత్రం మామూలు అమరికలో ఫైళ్ల వివరాల పట్టికల కోసం సుమారు ఒకటిన్నర శాతం ముందే కేటాయిస్తుంది, మరో 5 శాతాన్ని నిర్వాహకుడి కోసం పక్కన పెడుతుంది. కేవలం సినిమాలూ ఫొటోలూ దాచుకునే టెరాబైటు డిస్కులో ఆ 5 శాతం అంటే 50 గిగాబైట్లు; దాన్ని ఒక్క ఆదేశంతో తగ్గించుకోవచ్చు. ఇక ప్రతి ఫైలూ సాధారణంగా 4096 బైట్ల గడుల లెక్కన చోటు తీసుకుంటుంది కాబట్టి, వంద బైట్ల చిన్న ఫైలు కూడా ఒక గడిని పట్టుకుంటుంది. ప్రాపర్టీస్‌లో "సైజ్", "సైజ్ ఆన్ డిస్క్" అని రెండు అంకెలు కనిపించేది అందుకే.

అసలు పెద్ద ఖర్చు ఆపరేటింగ్ సిస్టమ్‌ది. విండోస్ తన కోసం ప్రారంభ విభాగం, మరమ్మతు విభాగం పెట్టుకుంటుంది, యంత్రాన్ని ఆపేటప్పుడు ర్యామ్‌లో ఉన్నదాన్ని దాచే హైబర్నేషన్ ఫైలు ర్యామ్ పరిమాణాన్ని బట్టి కొన్ని గిగాబైట్లు తీసుకుంటుంది, 2019 నుంచి కొత్త యంత్రాలలో అప్‌డేట్ల కోసం సుమారు 7 గిగాబైట్లు విడిగా అట్టిపెట్టుకుంటోంది. చిన్న డిస్కుల మీద ఈ భారం ఎంత ఉంటుందో 2013లో మైక్రోసాఫ్ట్ సర్ఫేస్ ప్రో విడుదలైనప్పుడు లోకానికి తెలిసింది. 64 జీబీ రకంలో వినియోగదారుకు మిగిలేది 23 జీబీ మాత్రమేనని, 128 జీబీ రకంలో 83 జీబీ అని ఆ సంస్థే ప్రకటించింది. ఫోన్లలోనూ ఇదే కథ. చాలా ఆండ్రాయిడ్ ఫోన్ల సెట్టింగ్స్‌లో మొత్తం 64 లేదా 128 అని గుండ్రటి అంకె చూపి, తేడా అంతటినీ "సిస్టమ్" అన్న పద్దు కింద వేస్తారు. లెక్క సరిపోయినట్టు కనిపిస్తుంది గానీ, ఆ పద్దులో ఎంత భాగం నిజమైన ఖర్చో, ఎంత భాగం సర్దుబాటో కొనుగోలుదారుకు తెలియదు.

ఎస్‌ఎస్‌డి విషయంలో మరో ముఖ్యమైన సంగతి ఉంది. వాటిలోని ఫ్లాష్ చిప్‌లు కూడా జ్ఞాపక చిప్‌ల జాతివే కాబట్టి వాటి పరిమాణం సాధారణంగా 2 యొక్క ఘాతాలలో ఉంటుంది. 256 జీబీ ఎస్‌ఎస్‌డి లోపల చిప్‌ల మొత్తం నామమాత్రంగా 256 గిబిబైట్లు, అంటే దశాంశంలో 274.9 గిగాబైట్లు; మనకు అప్పగించేది 256 గిగాబైట్లు. ఆ మధ్యనున్న 18.9 గిగాబైట్లను డ్రైవ్ తన దగ్గరే ఉంచుకుంటుంది. ఫ్లాష్‌లో రాసిన చోటి మీద నేరుగా మళ్లీ రాయడం కుదరదు. ముందు ఒక పెద్ద దిమ్మెను మొత్తంగా చెరపాలి, అందులోని పనికొచ్చే సమాచారాన్ని అంతకుముందే వేరేచోటికి తరలించాలి. ఆ తరలింపుకు ఖాళీ చోటు కావాలి. ప్రతి దిమ్మె కొన్నిసార్లు మాత్రమే చెరపడానికి పనికొస్తుంది కాబట్టి అరిగిపోయినవాటి స్థానంలో కొత్తవి కూడా కావాలి. ఈ అదనపు నిల్వ లేకపోతే డ్రైవ్ వేగమూ తగ్గుతుంది, ఆయుర్దాయమూ తగ్గుతుంది. కనుక ఈ 7.37 శాతాన్ని అన్యాయంగా దాచుకున్నారనుకోనక్కరలేదు. అది మన సమాచారం క్షేమానికే ఖర్చవుతోంది.

ఈ సభలో ఫొటో స్టూడియోలు నడిపేవారూ, కార్యాలయాలలో బ్యాకప్‌లు చూసేవారూ ఉన్నారు కాబట్టి పనికొచ్చే మాట ఒకటి చెబుతాను. విండోస్‌లో 450 జీబీ అని చూపే పెళ్లి వీడియోల సంచయాన్ని 480 జీబీ అని డబ్బా మీద ఉన్న ఎస్‌ఎస్‌డిలోకి ఎక్కించాలనుకోండి. 450 కంటే 480 పెద్దది కదా అని బయలుదేరితే, పని చివర్లో చోటు చాలదు. ఎందుకంటే ఆ 480 విండోస్ కొలతలో 447 మాత్రమే. ఆ సంచయాన్నే మ్యాక్‌లో చూస్తే 483 అని కనిపిస్తుంది. అందువల్ల రెండు వైపులా ఒకే తెర మీది అంకెలను పోల్చండి, లేదా ప్రాపర్టీస్‌లో జీబీ అంకె పక్కన ఉండే పూర్తి బైట్ల సంఖ్యను చూడండి. బైట్ల సంఖ్యలో ఏ వివాదమూ లేదు. అది విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ లైనక్స్‌లోనూ ఒకటే. డబ్బా మీది అంకెను గిగాబైట్లలో అయితే 0.93తో, టెరాబైట్లలో అయితే 0.91తో గుణిస్తే విండోస్‌లో కనిపించబోయే అంకె ఇంచుమించుగా ముందే తెలుస్తుంది.

ఆ అంచనాకు తగినట్టు తక్కువ చూపే పరికరాన్ని అనుమానించనక్కరలేదు. అనుమానించవలసినవి వేరే ఉన్నాయి. కొన్ని వందల రూపాయలకే 2 టెరాబైట్ల పెన్ డ్రైవ్ అంటూ అమ్మేవాటిలో, లోపల 32 లేదా 64 గిగాబైట్ల చిప్ పెట్టి, తాను 2 టెరాబైట్లని కంప్యూటర్‌కు చెప్పేలా దాని నియంత్రణ చిప్‌ను మార్చి ఉంచుతారు. తెర మీద అంకె నిండుగా కనిపిస్తుంది. మొదట ఎక్కించిన ఫైళ్లు బాగానే తెరుచుకుంటాయి. అసలు చోటు నిండిన తర్వాత రాసినవి ఎక్కడా నిలవవు, లేదా పాతవాటి మీద పడి వాటినీ పాడుచేస్తాయి. పేర్లు మాత్రం జాబితాలో మామూలుగానే ఉంటాయి, కాబట్టి నెలల తర్వాత తెరిచే వరకూ నష్టం బయటపడదు. వీటిని పట్టుకోవడానికి విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లైనక్స్‌లోనూ మ్యాక్‌లోనూ ఎఫ్3 అనే ఉచిత సాధనాలున్నాయి. అవి పరికరాన్ని మొత్తం తెలిసిన సమాచారంతో నింపి, తిరిగి చదివి, ఎన్ని బైట్లు నిజంగా నిలిచాయో చెబుతాయి. సెకనుకు 10 మెగాబైట్లు రాయగల 64 జీబీ పెన్ డ్రైవ్‌ను నింపడానికే గంటా ముప్పావు పడుతుంది, చదవడానికి మరికొంత కాలం. కొత్త పెన్ డ్రైవ్ గానీ మెమరీ కార్డు గానీ కొన్నప్పుడు, దుకాణం ఇచ్చిన వాపసు గడువు ముగియకముందే, మీ ఫొటో ఒక్కటైనా అందులో పెట్టకముందే ఈ పరీక్ష చేయించండి.